ఆవిడ అనని మాట

"ఆ టైపులో నేను ఏదో తప్పు చేసే ఉంటానే. చూస్తూ ఉండు, నా మూలంగా నీ ఉద్యోగానికే ఎసరొస్తుంది" అన్నాను, పిచ్చుక ఇంకా చెప్పులైనా విప్పకముందే.

పిచ్చుక అంటే నా కూతురు. గడపగడపకీ వాలే పిల్ల కాబట్టి చిన్నప్పటినుంచీ అదే పేరు. పని వేళలో ఎప్పుడూ ఇంటికి రాని మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. పని వేళలో ఇంటికొచ్చిన మనిషి మంచి కబురు తేవడం నా జన్మలో చూడలేదు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఒకసారి ఇలాగే వేళకాని వేళ వస్తే, ఏ బస్సో మీద పడిందనుకుని వీధిలోకి వినబడేలా ఏడ్చాను. తీరా చూస్తే అన్నం డబ్బా మర్చిపోయారట. అప్పటికే మొదలుపెట్టిన ఏడుపు ఆపడమెందుకని, డబ్బా మర్చిపోయినందుకు దాన్ని వాడేశాను.

"నేనింకా ఏమీ అనలేదు కదమ్మా" అంది పిచ్చుక.

"అనకపోతేనే నాకు భయం."

"అంటే ఒక భయం, అనకపోతే ఒక భయం" అంది మా అమ్మ కిటికీ దగ్గర కుర్చీలోంచి. ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. "నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదే. ఏడిస్తే ఎవరేమనుకుంటారోనని భయపడ్డావని ఆ మంత్రసాని అప్పుడే అంది."

ఈ కథని ఇక్కడ అందుకున్నవాళ్ళకి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. నా చిన్నతనంలో మా ఊరి నూలు మిల్లు తగలబడింది. అందులో మా అక్క పోయింది. మనిషిని పోల్చుకునే వీలు లేదన్నారు. మెడలో ఉన్న మిల్లు బిళ్ళ చూసి, "మా పిల్లే" అని చెప్పి తెచ్చుకుంది మా అమ్మ. నాన్న ఆ దిగులుతోనే మంచం పట్టి, దానిమీదే పోయాడు. అక్క మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇన్నేళ్ళ తర్వాత నా కూతురు వెళ్ళి వెళ్ళి ఆ మిల్లు మీదే పడింది. అది గ్రంథాలయం మేడ మీద గొంతుల గదిలో పనిచేస్తుంది. పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, చిన్న రికార్డరు బల్ల మీద పెట్టి, వాళ్ళు బతికిన బతుకు వాళ్ళ నోటితోనే చెప్పించుకుని దాస్తుంది. దాన్ని మౌఖిక చరిత్ర అంటారు.

"చరిత్ర పుస్తకాలు చాలలేదా" అన్నాను ఆ మాట మొదటిసారి విన్నప్పుడు.

"పుస్తకంలో మిల్లుకి ఎన్ని యంత్రాలున్నాయో ఉందమ్మా, యజమాని ఎవరో ఉంది. ఆ యంత్రం ముందు పొద్దంతా నిలబడ్డ మనిషికి పిక్కలు ఎలా లాగేవో ఎక్కడుంది? ఆ మనిషి నోట్లో ఉంది. ఆ మనిషి పోతే అదీ పోతుంది" అంది.

ఆ రికార్డింగులు విని టైపు చేసే అమ్మాయి కానుపుకి వెళ్తే, పదో తరగతి తర్వాత నేను నేర్చుకున్న టైపు అక్కరకొచ్చింది. ఇంట్లో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేస్తున్నాను. మిల్లు వాళ్ళ గొంతులు వద్దంటే వద్దన్నాను. చివరికి పోయిన వారం ఒప్పుకున్నాను. ఇదీ సంగతి.

పిచ్చుక నీళ్ళు తాగింది, గ్లాసు కింద పెట్టలేదు.

"పేరు వద్దన్నావిడ పొద్దున ఫోన్ చేసిందమ్మా."

నేను ఆఖరున టైపు చేస్తున్నది ఆవిడ గొంతే. మిల్లులో పనిచేసిన ఆవిడ. తన పేరూ ఊరూ ఎక్కడా రాయకూడదని చెప్పి మరీ మాట్లాడింది. అందుకే గదిలో అందరూ ఆవిడని 'పేరు వద్దన్నావిడ' అనే అంటారు. నేను సగం దాకా చేసి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచాను. మళ్ళీ కూర్చోలేదు.

"ఏమంది? నేను తప్పు రాశానందా?"

"నువ్వు రాసింది ఆవిడ ఇంకా చూడనే లేదు. తను చెప్పిందంతా వెనక్కి తీసేసుకుంటానంది."

"చెప్పేసిన మాట వెనక్కి తీసుకోవడమేంటే? చేతిలోంచి జారిన పాలా, నోట్లోంచి జారిన మాటా…"

"మా దగ్గర తీసుకోవచ్చు. మాట ఆవిడది. మేం దాచిపెట్టేవాళ్ళమే తప్ప సొంతదారులం కాదు. వద్దు అంటే ఎందుకని కూడా అడగకూడదు. సాయంత్రంలోగా అన్నిచోట్లా చెరిపెయ్యాలి. నీ దగ్గరున్నదీ, నువ్వు టైపు చేసిందీ."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నా తప్పు కాదు. ఆ సంతోషంలో టీ పెడదామని లేచాను. పిచ్చుక నా బల్ల దగ్గర కూర్చుని, చెరిపెయ్యడానికి ఆ ఫైలు తెరిచింది. చదవాలని కాదు, అదేనా కాదా అని కిందికి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. వేలు పైకి లేపి అలాగే ఉంచింది.

"అమ్మా, ఇటు రా."

టీ నీళ్ళు పొయ్యి మీద పడేసి వచ్చాను.

"ఇది నువ్వు ఎక్కడ విన్నావు?"

తెర మీద నేను కొట్టిన అక్షరాలే ఉన్నాయి. 'మా చెల్లికి ప్రతిదానికీ భయమే. నేను పనికి బయల్దేరితే మలుపు తిరిగేలోగా నాలుగైదుసార్లు పిలిచేది. నోరెత్తి అరిస్తే మా నాన్న కోప్పడతాడని, వెనక్కి తిరిగి ఒట్టి పెదాలతో అనేదాన్ని, నీ భయం నా సంచిలో వేసుకున్నా, పో, ఆడుకో అని.'

"ఆవిడ చెప్పిందే కదా. విన్నాను, కొట్టాను."

"పెదాలతో అనేదాన్ని, అన్నంతవరకే చెప్పిందమ్మా. ఆ తర్వాత ఆగిపోయింది. నాకు బాగా గుర్తు. నా మొహం మీంచి చూపు తీయలేదు, నోరు మెదపలేదు. ఈ సంచి మాట ఆవిడ అనలేదు."

"అనే ఉంటుందిలే. నీకు గుర్తులేదేమో."

"అక్కడ నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. నాకు గుర్తులేకపోవడమేంటి?" పిచ్చుక గొంతు తగ్గించింది. కోపం వచ్చినప్పుడు అది గొంతు తగ్గిస్తుంది, అదే నాకు ఇంకా భయం. "ఎన్నిసార్లు చెప్పాను? ఎవరైనా ఆగితే మౌనం అని రాయమన్నాను. ఆ మౌనం కూడా ఆవిడ చెప్పిందే. దాన్ని నువ్వు నింపకూడదు. ఎదుటిమనిషి నోట్లో మన మాట పెట్టడాన్ని మించిన పాపం మా పనిలో లేదమ్మా."

"ఎదుటిమనిషి నోట్లో మాట పెట్టడం దానికి వెన్నతో పెట్టిన విద్య" అంది అమ్మ. "పెళ్ళైన కొత్తలో మీ నాన్న అన్నం తింటూ 'ఊ' అంటే, 'కూర అమృతంలా ఉందన్నారు' అని వీధి వీధంతా చెప్పొచ్చింది. పాపం ఆయన అడిగింది మజ్జిగ."

ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నే. పిచ్చుక నవ్వలేదు. "ఉండు, వినిపిస్తాను. నీ చెవులతోనే విను" అని హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, గొంతు బయటికి వచ్చేలా పెట్టి, వెనక్కి జరిపి నొక్కింది.

ముందుగా ఏదో ఫ్యాను చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు. పెద్ద వయసు గొంతు, గరగరగా, ప్రతి మాటా తూచి కింద పెట్టినట్టు. 'మా చెల్లికి ప్రతిదానికీ భయమే…' నేను టైపు చేసిందే వరసగా వస్తోంది. మలుపు వచ్చింది. నాన్న కోపం వచ్చింది. 'వెనక్కి తిరిగి ఒట్టి పెదాలతో అనేదాన్ని…'

ఆగింది.

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో సైకిలు గంట మోగింది. కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు. మాట లేదు. ఇంకా లేదు. నేను తెర మీద నా అక్షరాల వంక చూస్తున్నాను. సంచి. భయం. పో, ఆడుకో. ఆ గొంతు వాటిలో ఒక్కటీ పలకలేదు. చాలాసేపటికి, 'సరేలెండి, అది వద్దు. అది నాదీ, దానిదీ' అంది.

పిచ్చుక ఆపింది.

"చూశావా? లేదు కదా. మరి నీకెక్కడి నుంచి వచ్చింది?"

ఎక్కడి నుంచి వచ్చింది? నన్ను నేనూ అదే అడుగుతున్నాను. పాలు పొంగుతాయేమోనని చూపు వంటింటి మీద పెట్టి, చెవి మాత్రం ఇటు పెట్టి కొట్టుకుంటూ పోయాను. ఆ మాట నేను వినలేదు. నా వేళ్ళకి ముందే తెలుసు. గొంతు ఆగినా అవి ఆగలేదు.

"అది మా అక్క మాట" అన్నాను.

కిటికీ దగ్గర గింజలు చేటలో పడుతున్న చప్పుడు ఒక క్షణం తేడా పడినట్టనిపించింది. అప్పుడు పట్టించుకోలేదు.

మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. ఆ యంత్రాల హోరులో చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని పెదాలు మాత్రం పెద్దగా కదుపుతూ, గొంతు వాడకుండా మాట్లాడుకునేవాళ్ళు. వరసకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి అత్తగార్లని తిట్టుకునేవాళ్ళట, మేస్త్రీకి ఒక్క ముక్క తెలిసేది కాదు. అక్క నాకు అది నేర్పింది. రోజూ పొద్దున వీధి మలుపులో వెనక్కి తిరిగి, చేతిసంచి ఎత్తి చూపించి, పెదాలతో అనేది. నీ భయం నా సంచిలో వేసుకున్నా, పో, ఆడుకో. గొంతు లేని మాట. గుమ్మంలో నిలబడ్డ అమ్మకి తెలియదు, నాన్నకి తెలియదు. అక్క పోయాక నేను ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆయనకీ చెప్పలేదు. నా కడుపున పుట్టినదానికీ చెప్పలేదు. ఆ సంచి వెళ్ళిపోయాక నా భయం మోసేవాళ్ళు ఎవరూ లేక నేనే మోసుకుంటూ వస్తున్నాను.

ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాను. పిచ్చుక నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, కూర్చో. నే చెప్పేది విను. ఆవిడ ఆ మాట అనలేదు. అన్నది నువ్వు. మిల్లు ఆడవాళ్ళందరూ పెదాలతో మాట్లాడేవాళ్ళే. చెల్లెళ్ళున్న అక్కలు మలుపులో వెనక్కి తిరిగి చూస్తారు. ఆవిడ ఖాళీ వదిలితే ఆ ఖాళీలో నీ అక్కని నువ్వు కూర్చోబెట్టావు. వినేవాళ్ళకి ఇలా అవుతుందని మాకు ముందే చెప్తారు. తప్పు నాదే, నీకు మిల్లు గొంతులు ఇవ్వకుండా ఉండాల్సింది."

చదువుకున్న పిల్ల. నిజమే చెప్పింది. నాకూ అదే నమ్మాలని ఉంది. నమ్మేస్తే ఈ పూట టీ తాగి, ఫైలు చెరిపేసి, సాయంత్రానికి మళ్ళీ మామూలు భయాలతో బతకొచ్చు. కానీ ఆ 'నాదీ, దానిదీ' అన్న మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

"మిగతాది పెట్టు."

"కుదరదు. ఆవిడ వద్దన్నాక వినడం దొంగతనం. ఇప్పుడు పెట్టిందే ఎక్కువ."

"సాయంత్రానికి చెరిపేస్తావు. తర్వాత నేనెక్కడ వెతుక్కోను?"

"ఎవరిని వెతుక్కుంటావమ్మా? పెద్దమ్మ పోయింది. అమ్మమ్మ స్వయంగా వెళ్ళి తెచ్చుకుంది."

"అయితే నాకు అదైనా తెలియాలి. ఆవిడ వేరే మనిషని తెలిస్తే నేనే నా చేత్తో చెరుపుతాను" అని, ఇన్నేళ్ళలో ఎవరి మాటా దాటి ఏ పనీ చెయ్యని నేను, బల్ల మీదికి వంగి నేనే నొక్కాను.

పిచ్చుక చెయ్యి అడ్డం వచ్చింది. కానీ గొంతు అప్పటికే మొదలైంది.

'ఆ రోజు నాది పొద్దుటి షిఫ్టు. మా వరసలో పిల్ల, దానికి సాయంత్రం ఏదో పనుందని మార్చుకుందామంది. షిఫ్టు మార్చుకుంటే బిళ్ళా మార్చుకోవాలి. గేటు దగ్గర బిళ్ళ చూసే లోపలికి పంపేవాళ్ళు, మొహం ఎవడు చూస్తాడు? అందరం చేసే పనే. దాని బిళ్ళ నా మెళ్ళో వేసుకున్నాను, నా బిళ్ళ దాని మెళ్ళో వేశాను. నేనే వేశాను. ముడి కూడా నేనే బిగించాను, జారిపోతుందని.'

ఇక్కడ ఆగింది. రికార్డింగులో నా కూతురు ఒక్క ముక్క అడగలేదు. నేనైతే ఆ గదిలో ఉంటే పది ప్రశ్నలు వేసేదాన్ని.

'పొగ చూసి పరిగెత్తుకొచ్చాను. గేటు అవతల జనంలో ఇరుక్కున్నాను. అప్పుడు నన్ను బయటికి తీసుకుపోతుంటే నేనే చూశాను. అలా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటారా? మా నాన్న గేటు దగ్గర కూలబడిపోయాడు. మా అమ్మ మాత్రం నిలబడే ఉంది. చెల్లి కనబడలేదు. దాన్ని దర్జీవాళ్ళింట్లో కూర్చోబెట్టారట, తర్వాత తెలిసింది.'

ఆ దర్జీవాళ్ళింటి కుట్టుమిషను కింద నేను ఆ రోజంతా కూర్చున్నాను. గుడ్డముక్కల వాసన ఇప్పటికీ గుర్తు. నన్ను అక్కడ పెట్టిన సంగతి ఈ లోకంలో ఎంతమందికి తెలుసు?

నేలమీద కూర్చుండిపోయాను. అరవలేదు, ఏడవలేదు. చిన్న చిన్న వాటికి ఊరంతా వినబడేలా ఏడ్చేదాన్ని, అంత పెద్దదానికి చుక్క నీరు రాలేదు. పిచ్చుక ఆపాలన్న సంగతే మర్చిపోయింది. గొంతు దాని పాటికది సాగుతోంది.

'నువ్వేంటమ్మా, ఏమీ అడగవు?'

'మీరు చెప్తున్నది వింటున్నానండీ' అంది రికార్డింగులో నా కూతురు.

'మీ అమ్మ కూడా ఇలాగే వింటుందా?'

'మా అమ్మా? అమ్మ ఎవరినీ చెప్పనివ్వదండీ. సగం వినేసరికే భయపడిపోతుంది.'

ఆవిడ నవ్వింది. ముసలి గొంతు గరగరంతా ఎక్కడికి పోయిందో, ముందు ముక్కుతో మొదలై తర్వాత గొంతులోకి దిగే నవ్వు. నవ్వు ఆగాక చాలా మెల్లగా, తనలో తను అనుకున్నట్టు,

'ఇంకానా!' అంది.

అంతే. ఆ ఒక్క మాట. రికార్డింగు అక్కడితో అయిపోయింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"అప్పుడు నాకు తట్టలేదమ్మా. మీ అమ్మకి భయమా అని అడగాలి కదా, ఎవరైనా. ఇంకానా అంటే… ఇంకానా అంటే ముందు తెలిసినవాళ్ళే కదా అనేది."

"ఎక్కడుంది?"

"అమ్మా…"

"ఏ ఊళ్ళో ఉంది? ఏ వీధి? ఇప్పుడే బయల్దేరతాను. మీ నాన్నకి ఫోన్ చెయ్యి, బస్సు తెమ్మను."

"చెప్పకూడదమ్మా."

"కన్నతల్లిని అడుగుతున్నానే!"

"ఎవరు అడిగినా ఊరు చెప్పనని మాటిచ్చాను. ఎవరైనా అంటే అమ్మ కూడా. ఆ మాట మీదే కదా ఆవిడ నోరు విప్పింది. ఇవాళ నీకు చెప్పేస్తే, రేపటినుంచి నా ఎదురుగా ఎవరు నోరు విప్పుతారు?" అంటూనే ఏడ్చేసింది. "పైగా ఇవాళ పొద్దునే వద్దంది. దొరకకూడదనుకున్న మనిషిని పట్టుకుంటే, ఈసారి ఇంకెక్కడికి పోతుందో."

నిజమే. ఒకసారి పోయిన మనిషి. రెండోసారి పోవడం ఆవిడకి ఎంతసేపు?

"మరి నీకెలా దొరికింది? నువ్వెలా వెతికి పట్టుకున్నావు?"

పిచ్చుక కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి ఆపింది. "నేను వెతకలేదు. ఆవిడే గదికి ఫోన్ చేసింది. మిల్లు సంగతులు చెప్తాను, మనిషిని పంపండి అంది. మా మేడమ్ ఎవరినో పంపుతానంటే, ఆవిడ…" ఒక్కొక్క మాటే గుర్తు తెచ్చుకుంటోంది. "గబగబా నడిచే పొట్టి పిల్ల ఉందట కదా, ఆ పిల్లనైతేనే రానిస్తాను అందట. మేడమ్ నవ్వుతూ చెప్పారు నాకు. నేను ఎవరో మిల్లువాళ్ళు చెప్పుంటారనుకున్నా. కానీ అప్పటికి నేను మిల్లువాళ్ళ దగ్గరికి వెళ్ళడం మొదలే పెట్టలేదమ్మా. ఆవిడే మొదటిది."

"అంటే నీ సంగతి ఆవిడకి ఎవరో చెప్తున్నారు."

"నేను ఎలా నడుస్తానో కూడా."

"దర్జీవాళ్ళింటి సంగతి కూడా."

ఆ మాట అన్నాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు తెలిసింది. గింజలు పడుతున్న చప్పుడు లేదు. ఎప్పటినుంచి లేదో తెలియదు. నేనూ నా కూతురూ ఇంత రభస చేస్తుంటే, ఒక దెప్పుమాట లేదు, ఒక వెటకారం లేదు. శవం లేచిందన్నా 'కాఫీ ఇచ్చారా' అని అడిగే మనిషి మా అమ్మ. ఆ అమ్మ నోరు ఇంతసేపు మూతపడి ఉండటం నేను ఎరగను.

తిరిగి చూశాను. అమ్మ కుర్చీలోనే ఉంది. చేతిలో సగం విప్పిన కాయ. చూపు మా మీద లేదు, లాప్‌టాప్ మీద ఉంది. గొంతు వచ్చిన చోటు మీద.

"అమ్మా" అన్నాను.

పలకలేదు.

"అమ్మా, ఆ రోజు మిల్లు దగ్గరికి వెళ్ళింది నువ్వు. నాన్న లోపలికి వెళ్ళలేకపోయాడు. నువ్వొక్కదానివే వెళ్ళావు. బిళ్ళ చూసి మా పిల్లే అన్నావు. అమ్మా, అది అక్క కాదని నీకు తెలియలేదా? కన్న చేతులకి తెలియలేదా?"

నేను మళ్ళీ నోరు తెరిచాను. అడగాల్సినవి ఎన్ని ఉన్నాయి! పిచ్చుక నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. దాని రెండో చెయ్యి అలవాటుగా భుజాన ఉన్న సంచిలోకి, రికార్డరు కోసం వెళ్ళింది. జిప్పు సగం దాకా లాగి, ఏమనుకుందో, ఉత్తచెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. ఆగు. నింపకు.

ఆగాను. ఆ ఆగడం ఎలాంటిదో ఎలా చెప్పను? పిచ్చుక రోజూ ఎవరిళ్ళలోనో ఇలా ఎలా కూర్చుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. వీధిలో ఎవరో బకెట్టు లాగుతున్నారు. వంటింట్లో నేను పెట్టిన టీ నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోయి గిన్నె మాడుతోంది, వాసన వస్తోంది. లేవలేదు. అమ్మ కనురెప్ప వెయ్యడం లేదు. ఈ వయసులో ఈ దెబ్బ తట్టుకోలేక కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందేమోనని కూడా అనిపించింది. నేనే చంపానేమో. గుండె మీద చెయ్యి పెట్టి చూద్దామని ముందుకు వంగాను. పిచ్చుక పట్టు సడలలేదు.

అమ్మ చేతిలో కాయ చేటలోకి జారింది. తల మెల్లగా తిప్పింది. నన్ను చూడలేదు. నా పక్కనున్న మనవరాలిని చూసింది.

"ఇది ఎప్పుడు పట్టావే పిచ్చుకా? మొన్న ఫోన్లో నాతో మాట్లాడినప్పుడు గొంతు ఇంత నీరసంగా లేదే దానికి" అంది.